బొమ్మలో లేని చోటు

స్పాంజి తడిగా ఉంది. ఆ తడి ఆమెది కాదు. అంతకుముందు అది ఏ వార్తలు చదివే ఆయన మెడ మీద తిరిగిందో, ఏ వంటల కార్యక్రమం ఆవిడ గడ్డం కింది జిడ్డు తుడిచిందో, ఇప్పుడు ఆమె కనుబొమల మధ్యకి వచ్చి మెత్తగా, చల్లగా, ఎంతో చనువున్నట్టు నొక్కుతోంది. ఊపిరి బిగబట్టింది. ఎంతసేపని బిగబడుతుంది, మనిషన్నాక పీల్చక తప్పదు, పీల్చగానే పాత పౌడరు వాసన, ఏసీలోంచి వచ్చే ఆరని గుడ్డ వాసన, జుట్టు మీద కొట్టిన స్ప్రే వాసన, మూడూ కలిసి గొంతు వెనక ముద్దలా కూర్చున్నాయి. అద్దం చుట్టూ బల్బులు, బల్బుల అంచున ఎండి అంటుకుపోయిన పురుగులు, బల్ల మీద ఎవరో సగం తాగి వదిలేసిన టీ, ఆ టీ మీద తొరక, కప్పు అంచున ఎర్రటి పెదవి గుర్తు. కళ్ళు మూసుకోమంది మేకప్ అమ్మాయి. హమ్మయ్య అని మూసుకుంది. మూసుకున్నాక తెలిసింది, కళ్ళు లేకపోతే చెవులు పెద్దవవుతాయని. పక్క కుర్చీలో డైరెక్టరు గారు గొంతు సవరించుకుంటున్నారు. ముందు పొడిగా ఒకసారి, తర్వాత లోపల్నుంచి దేన్నో పైకి లాగుతున్నట్టు ఇంకోసారి. లాగినదాన్ని మళ్ళీ మింగేశారు.

ఇంకో గంటలో ప్రత్యక్ష ప్రసారం. ఆయన మాట్లాడతారు, ఆమె పక్కన కూర్చుంటుంది. ఎందుకు కూర్చోవాలి అంటే, ఈ వారం డ్యూటీ ఆమెది, అంతరిక్షంలో ఉన్న తమ టెలిస్కోపు ఏ మెరుపు పట్టినా ముందు ఆమె ఫోనే మోగుతుంది కాబట్టి. పైగా పక్కన ఒక ఆడమనిషి ఉంటే బాగుంటుందని చానల్ వాళ్ళు అన్నారట. ఆ మాట ఆయన కార్లో నవ్వుతూ చెప్పారు, అదేదో ఆమెకు తాను తెచ్చిపెట్టిన కానుకలాగ. కార్లో కూడా అంతే, ఆ సీటు కవర్ల వాసన, ఆయన నోట్లో చప్పరిస్తున్న పుదీనా బిళ్ళ అటూ ఇటూ పళ్ళకి తగిలి చేసే చప్పుడు, టిక్కు, టిక్కు, మాట మధ్యలో ఒక చప్పరింపు. ఇంత అసహ్యం ఒక మనిషి మీద ఎలా వస్తుంది, ఏం చేశాడని, చేశారని. అదొకటి. మనసులో తిట్టుకుందామన్నా ఆ ‘గారు’ పోదు. ఎన్నిసార్లు ప్రయత్నించిందో. అన్నాడు, మింగాడు, అబద్ధమాడాడు, అని లోపల అనుకుంటుంది, రెండో వాక్యానికే మళ్ళీ అన్నారు, మింగారు, అబద్ధమాడారు. నాలుక కంటే లోపలెక్కడో కూర్చుంది మర్యాద, స్పాంజిలో జిడ్డు కూర్చున్నట్టు.

తెల్లవారుతుండగా మెరిసింది. ఆకాశంలో ఎక్కడో గామా కిరణాలు గుప్పున వచ్చాయి, ఒక తుమ్ము పట్టేంతసేపు, అంతే, ఆరిపోయాయి. టెలిస్కోపు చూసింది. చూసిందనడానికి వీల్లేదు, దాని అసలు కన్ను అప్పుడు ఇంకోవైపు తిరిగి ఉంది, పక్కలకి బిగించిన మొద్దు డబ్బాలకు మాత్రమే వెలుగు తగిలింది. ఏదో మెరిసిందని ఆ డబ్బాలు చెబుతాయి గాని ఎక్కడంటే చెప్పలేవు. అయితే సూర్యుడి చుట్టూ చాలా దూరాన తిరిగే ఇంకో నౌక ఉంది, వేరే గ్రహం దగ్గర తిరిగేది మూడోది ఉంది, వాటికీ అదే మెరుపు తగిలింది. ఒకే క్షణంలో కాదు, ముందూ వెనకగా. ఆ ముందూ వెనకల తేడా పట్టుకుని ఆకాశం మీద ఒక వలయం గీస్తారు, రెండో తేడాతో ఇంకొకటి. రెండు వలయాలూ రెండుచోట్ల దాటుకుంటాయి. అందులో ఒకటి అప్పుడు భూమి వెనక ఉంది, తమ టెలిస్కోపుకి కనిపించే వీల్లేదు, కాబట్టి మిగిలింది ఒకే చోటు. ఆ చోటు ప్రపంచానికి చెబితే రాత్రి ఉన్న దేశాల్లో పెద్ద టెలిస్కోపులు అటు తిరుగుతాయి, పేలుడు తర్వాత మిగిలే మసక వెలుగు ఆరిపోకముందే పట్టుకోవాలని. గంటగంటకీ తగ్గిపోయే వెలుగది. ఇవాళ తప్పు చోట వెతికితే రేపు సరైన చోట వెతికేందుకు ఏమీ ఉండదు.

ఈ వలయాల సంగతి ఆమెకు నేర్పింది ఆయనే. వరండాలో. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, పుస్తకం చదివి అర్థం కాలేదని మొహమాటపడుతూ చెబితే, రా అని బయటికి తీసుకెళ్ళి కళ్ళు మూసుకోమన్నారు. ఒక మూల నుంచి చప్పట్లు కొట్టారు. ఎక్కడున్నాను? ఎడమవైపు సార్. ఎలా తెలిసింది? తెలిసింది సార్. తెలియడమేమిటి, ఎడమ చెవికి ముందు వినపడింది, కుడి చెవికి తర్వాత, నీకు తెలియకుండా నీ బుర్ర లెక్క కట్టింది, మనమూ అంతే చేస్తాం, కాకపోతే మన చెవులు కోట్ల మైళ్ళ దూరంలో ఉంటాయి. అప్పుడు ఆయన సన్నగా ఉండేవారు. చొక్కా జేబు మీద సిరా మరక. తప్పు దొరికితే ఎగిరి గంతేసేవారు, తన తప్పయినా సరే, ముఖ్యంగా తన తప్పయితే, అందరినీ పిలిచి బోర్డు మీద చూపించేవారు, చూడండర్రా ఎంత గాడిదనో అని. ఆ మనిషి ఎటు పోయాడు? ఒక్కరోజున పోలేదు. చొక్కాలు మారాయి, సిరా మరక పోయింది, కుర్చీ ఎత్తు పెరిగింది, గదిలో తివాచీ వచ్చింది, తివాచీలో ముక్కిపోయిన వాసన వచ్చింది. ఎప్పుడు పాలు విరిగాయో చూడలేదు ఆమె, గిన్నె మూత తీసేసరికి విరిగి ఉన్నాయి.

అసహ్యం ఆమెకు పుట్టింటి ఆస్తి. వాళ్ళమ్మ ముక్కు అలాంటిది. గుమ్మంలో నిలబడే ఫ్రిజ్‌లో ఏది పాడయిందో చెప్పేది. ఎవరింటికి వెళ్ళినా గ్లాసు వెలుగుకి ఎత్తి చూసి, చూసినట్టు వాళ్ళకి తెలియకుండా దించేది. దాహం లేదమ్మా అనేది, ఎండలో నడిచి వచ్చి. చిన్నప్పుడు ఆమెకూ తమ్ముడికీ అది పెద్ద తలవంపులు. ఇప్పుడు ఆ ముక్కే తనకి మొలిచింది, కాకపోతే అమ్మది గిన్నెల దగ్గర ఆగింది, తనది మనుషుల దాకా వచ్చింది. మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. వీధిలో వాళ్ళందరికీ చెప్పిందట, టీవీలో మా అమ్మాయి వస్తుంది, ఆకాశం గురించి చెబుతుందని. పక్కింటివాళ్ళు వచ్చి కూర్చుంటారట, కుర్చీలు చాలవేమోనని తమ్ముడు రెండు అరువు తెచ్చాడట. నవ్వుతూ కూర్చోవే, నువ్వు మామూలుగా ఉన్నా కోపంగా ఉన్నట్టుంటావు, అంది. సరేనమ్మా అంది. ఇప్పుడు ఆ నవ్వు కోసం వెతుకుతోంది. పౌడరు కింద చెంపలు బిగుసుకుపోయాయి.

వలయాలు దాటుకున్న చోట గెలాక్సీ ఉంది. మామూలుది కాదు, మనకి దగ్గర్లోది, సుడి తిరిగిన చేతులతో, నీలంగా, గులాబీగా, క్యాలెండర్ల మీద వేసేది. అది చూడగానే డైరెక్టరు గారి ముఖం వెలిగింది. ఇంత దగ్గర్లో ఇంతటి మెరుపంటే ఎప్పుడోగాని జరగదు. సరిగ్గా అదే సమయంలో దూరపు నౌకని చూసుకునే ఆయన ఫోన్ చేశాడు. ఆయన ఇంకో సంస్థలో పనిచేస్తాడు, ఆమె ఎప్పుడూ ముఖం చూడలేదు, ఎవరు పలకరించినా ముందు గడియారాల గురించే మాట్లాడతాడని అందరూ గడియారం అంటారు. ఆయన చెప్పింది ఒకటే. నిన్న నౌకలో కంప్యూటరు ఆగిపోయి మళ్ళీ మొదలైందండీ, దాని గడియారం సరిగ్గా ఉందో లేదో ఇంకా చూడలేదు, సాయంత్రం దానితో మాట్లాడే వీలు దొరుకుతుంది, అప్పటిదాకా ఆగండి. ఆమె వెళ్ళి డైరెక్టరు గారికి చెప్పింది. గడియారం ఏ కాస్త తప్పినా వలయం గెలాక్సీ మీంచి జరిగిపోతుంది సార్, పక్కన ఏమీ లేదు, ఖాళీ, అంది. ఆయన విన్నారు. వింటూనే ఫోన్ తీసి చానల్ వాళ్ళతో మాట్లాడారు. ఆయన అడిగిన కొత్త టెలిస్కోపుకి పైవాళ్ళు ఊ అంటారో ఊహూ అంటారో ఆ వారంలోనే తేలుతుంది, వాళ్ళూ టీవీ చూస్తారు. గెలాక్సీ పేరుతో కబురు తన చేత్తో తనే ప్రపంచానికంతా పంపేశారు. ఖాళీ ఆకాశాన్ని చూపించి టెలిస్కోపు ఎలా అడుగుతావమ్మా, అన్నారు ఆమెతో, ఎంతో ఓపిగ్గా, మందు తాగనని మారాం చేసే పిల్లకి చెప్పినట్టు.

అప్పట్నుంచి పొద్దుగూకేదాకా కబుర్లు వస్తూనే ఉన్నాయి. ఇక్కడి టెలిస్కోపు గెలాక్సీని చూసింది, ఏమీ లేదు. అక్కడిది చూసింది, ఏమీ లేదు. పాపం ఎవరెవరో నిద్ర చెడగొట్టుకుని, తమ రాత్రి పని పక్కన పెట్టి, ఒక అందమైన అబద్ధాన్ని తదేకంగా చూస్తున్నారు. ధూళి అడ్డం వచ్చి ఉంటుంది, అంటున్నారు డైరెక్టరు గారు. ఇప్పుడు కూడా, మెడ చుట్టూ తెల్లగుడ్డ కట్టుకుని, గడ్డం ఎత్తి, ఫోన్లో ఎవరితోనో అదే అంటున్నారు. గెలాక్సీ నిండా ధూళేనండీ, వెలుగు బయటికి రాదు. ఆ ‘అండీ’లో పూసిన తేనె. మేకప్ అమ్మాయి స్పాంజి ఆమె మీంచి తీసి, దులపనైనా దులపకుండా, ఆయన ముక్కు పక్కన అద్దింది. ఆయన ముక్కు పక్కన. ఆమె నుదుటి మీది చెమట ఇప్పుడు అక్కడుంది. మళ్ళీ అదే స్పాంజి ఆమె గడ్డం మీదికి వచ్చింది. ఆమె తల వెనక్కి లాక్కుంది. చక్కిలిగింతా మేడమ్, అని నవ్వింది ఆ అమ్మాయి.

ఒళ్ళో ఫోన్ అదిరింది. గడియారం. నౌకతో మాట్లాడాను, గడియారం ఒక సెకను కంటే కాస్త ఎక్కువే వెనకబడి ఉంది, రెండుసార్లు సరిచూశాను, అని రాశాడు. అంతే, ఒక్క ముక్క ఎక్కువ లేదు. ఆమె గుడ్డ కిందనుంచి చేతులు బయటికి తీసింది. వలయాలు గీసే ప్రోగ్రాం తను రాసిందే, ఆఫీసు కంప్యూటర్లో ఉంటుంది, ఫోన్‌లోంచి పిలిస్తే పలుకుతుంది. ఆ సెకను పైచిలుకు తేడాని అందులో పెట్టింది. వలయం కదిలింది. ఆకాశంలో నిండు చందమామ ఉంటుందే, దానిలో సగం వెడల్పు, అంతే కదిలింది, కాని ఆ పెద్ద టెలిస్కోపులు చూసే కిటికీ అందులో నాలుగోవంతు కూడా ఉండదు, అందుకే పొద్దున్నుంచి అందరూ పక్కింటి తలుపు కొడుతున్నారు. కొత్త చోట ఏముందని చూస్తే ఏమీ లేదు. నలుపు. పాత ఫొటోల్లో కూడా ఒక్క చుక్క లేదు. అంటే అది ఈ దగ్గర్లోది కానే కాదు, ఎక్కడో ఎన్నో వందల కోట్ల ఏళ్ళ కిందట, ఈ నేలే పుట్టకముందు బయల్దేరి, దారిలో దేనికీ అడ్డం పడకుండా వచ్చి, ఇవాళ తెల్లారి మూడు లోహపు డబ్బాలకి తగిలి, ఇప్పుడు ఆరిపోతోంది. ఈ గదిలో ఎవరికీ అది అక్కర్లేదు. ఆమెకు ఉన్నట్టుండి ఏడుపు వచ్చింది, అంత దూరం నుంచి వచ్చినదాన్ని ఇలాంటి గదిలో, ఈ తొరక కట్టిన టీ పక్కన కూర్చుని ఆహ్వానించాల్సి వచ్చిందని సిగ్గేసింది. ఏడిస్తే పూత కారుతుంది. ఏడవలేదు.

కబురు రాయడం చిన్న పని. పొద్దున చెప్పిన చోటు తప్పు. దూరపు నౌక గడియారంలో తేడా సరిచేశాక తేలిన చోటు ఇది. దయచేసి ఇక్కడ వెతకండి. గడియారం అసలు పేరు ముందు రాసింది, తన పేరు తర్వాత. డ్యూటీలో ఉన్నవాళ్ళు ఎవరినీ అడగకుండా పంపవచ్చు, ఆ నియమం కూడా ఆయన పెట్టిందే, తొలిరోజుల్లో. ఒక్కసారి తల తిప్పి చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు, పెదవుల మీద రంగు పూస్తోంది అమ్మాయి, నోరు కాస్త తెరిచి, పిల్లాడిలాగ, నమ్మకంగా. ఆ నమ్మకం చూస్తే జాలి కలగాలి. కలగలేదు. పెదవుల మూలల్లో తెల్లగా ఆరిన ఉమ్మి కనిపించింది. పంపేసింది.

ఆయన జేబులో ఫోన్ కిచకిచమంది. ఇలాంటి కబుర్లన్నీ ఆయనకీ వస్తాయి మరి. గుడ్డ కింద తడుముకుని తీసి చదివారు. చదివి మళ్ళీ మొదట్నుంచి చదివారు. రంగు సగమే పూసిన పెదవులతో అద్దంలోంచి ఆమెను చూశారు, ఆమె కూడా అద్దంలోనే చూసింది.

“కొత్త టెలిస్కోపు బాధ్యతల్లో నా తర్వాత రెండో పేరు నీదే రాశాను, తెలుసా?” అన్నారు.

“తెలీదు సార్.”

“కొట్టెయ్యాలి ఇప్పుడు. నాకే కష్టంగా ఉందమ్మా.”

ఆ రెండో పేరు కోసం ఆమె ఎన్నేళ్ళుగానో ఎదురుచూసింది, ఆ టెలిస్కోపు కన్ను ఎటు తిరగాలో నిర్ణయించే లెక్కలు సగం ఆమెవే, ఇంట్లో కూడా ఎవరికీ చెప్పకుండా దాచుకున్న ఆశ. పోయింది. పోయిన చోట నొప్పి ఉండాలి, చెయ్యి పెట్టి వెతికినట్టు లోపల వెతికింది, వెగటు తప్ప ఏమీ తగల్లేదు. రెండో వైపు పెదవి మిగిలిపోయింది సార్ అని మేకప్ అమ్మాయి గుర్తు చేస్తే, ఆయన మళ్ళీ నోరు తెరిచారు.

స్టూడియోలో చలి. పల్చటి చెక్క బల్లకి పాలరాయి కాగితం అంటించారు, అంచుల్లో ఊడి ఉంది, కింద బిస్కెట్టు పొడి. వెనక గోడంత బొమ్మ, ఆ గెలాక్సీయే, నీలంగా, గులాబీగా, చేతులు చాపుకుని. యాంకరమ్మ బుగ్గలు బిగించి నవ్వి, ఎర్రదీపం వెలగగానే ఇంకా బిగించి, విశ్వరహస్యం అంది, మన శాస్త్రవేత్తలు అంది. డైరెక్టరు గారు మొదలుపెట్టారు. ఎంత బాగా మాట్లాడతారో. గొంతులో ఇప్పుడు ఆ గరగర లేదు, మెత్తగా, తాతయ్య కథ చెబుతున్నట్టు. మీ వెనకున్న గెలాక్సీ అందంగా ఉంది కదా, పొద్దున్న మేం కూడా ఆ అందానికే మోసపోయాం, అన్నారు. ఆమె ఉలిక్కిపడి చూసింది. “మా అమ్మాయి తొందరపడి ఆ చోటు చెప్పేసింది. చిన్నవాళ్ళు కదా, ఉత్సాహం. నాకెందుకో అనుమానం వచ్చి గడియారాలు మళ్ళీ చూడమన్నాను. చూస్తే తేలింది. ఇప్పుడే సరిచేసి పంపించాం.” అని, నలభై దాటిన ఆ చిన్నపిల్ల భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా తట్టారు. చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది, వేళ్ళ సందుల్లో పౌడరు. భుజం దగ్గర మొదలై వెన్ను పొడవునా చర్మం ముడుచుకుపోయింది. అమ్మ చూస్తోంది. అరువు తెచ్చిన కుర్చీల్లో వీధంతా చూస్తోంది. బల్ల కింద ఫోన్ అదిరింది. కిందికి చూసింది. ఇంకో ఖండంలో, కొండ మీద ఉన్న టెలిస్కోపు. మీరు చెప్పిన కొత్త చోట ఒక చుక్క ఉంది, ఇంతకుముందు ఫొటోల్లో లేదు, తగ్గుతోంది, చూస్తూనే ఉన్నాం.

యాంకరమ్మ ఆమె వైపు తిరిగి, పొరపాట్ల నుంచే నేర్చుకుంటాం కదా మేడమ్, అంది.

“పొద్దున ఆ చోటు చెప్పింది నేను కాదండీ,” అంది ఆమె. తన గొంతు తనకే కొత్తగా, కూరగాయల బేరం ఆడుతున్నంత మామూలుగా వినిపించింది. “గడియారం తప్పని పట్టుకున్నది డైరెక్టరు గారు కాదు. పట్టుకున్నాయన ఇక్కడ లేరు, ఆయన్నెవరూ పిలవలేదు. ఆ వెలుగు మీ వెనక బొమ్మలో లేదు. బొమ్మ పక్కన, ఆ గోడ ఖాళీగా ఉంది చూడండి, దాదాపు అక్కడ. ఇప్పుడే దొరికింది.”

యాంకరమ్మ నిజంగానే తిరిగి గోడ వైపు చూసింది. గోడ మీద ఒక మేకు, దానికి వేలాడుతున్న వైరు. కెమెరా కూడా పాపం అటు తిరిగింది, గెలాక్సీ పక్కకి తప్పుకుంది, తెర మీద కాసేపు మేకూ వైరూ కనిపించాయి. భుజం మీది చెయ్యి ఎప్పుడు పోయిందో పోయింది. చిన్న విరామం తర్వాత కలుద్దాం, అంది యాంకరమ్మ, బుగ్గలు వదులు చేసుకుంటూ. విరామం తర్వాత ఆమె కుర్చీ తీసేశారు.

బయట వరండాలో అమ్మ ఫోన్. ఆముదం తాగినదానిలా కూర్చున్నావేమే, అంది. పక్కింటావిడ ఆ పెద్దాయన ఎంత మర్యాదస్తుడో అందట. “నాకు మాత్రం ఆయన నీ మీద చెయ్యి వెయ్యగానే కడుపులో తిప్పింది. వచ్చేసెయ్.” పని ఉందమ్మా, ఆలస్యమవుతుంది, అంది. ఇంకా వెలుగుందా, అని అడిగింది అమ్మ, ఏదో దీపం గురించి అడిగినట్టు. ఉందమ్మా, అంది.

కారు దగ్గర ఆయన ఒక్కరే నిలబడి ఉన్నారు. కార్యక్రమం ముగిసింది, పూత తుడవడానికి మళ్ళీ మెడకి గుడ్డ కట్టించుకుని తుడవకుండానే వచ్చేసినట్టున్నారు, కాలరు మీంచి అది తెల్లగా వేలాడుతోంది. పక్కనుంచి వెళ్ళిపోదామని తల దించుకుని నడిచింది. ఏదో అంటారనుకుంది, తిడితే బాగుండుననుకుంది, తిట్టు శుభ్రంగా ఉంటుంది.

“ఎంత వెలుగుంది?” అన్నారు.

ఆమె ఆగిపోయింది. ఆ గొంతు వేరు. ఆకలి గొంతు. కళ్ళు ఫోన్ మీదే ఉన్నాయి, ఆమె చేతిలోని ఫోన్ మీద. చెప్పింది, ఎంత ఉందో, మొదటి ఫొటోకీ రెండోదానికీ ఎంత తగ్గిందో. అంత వేగంగానా, అన్నారు. అంత వేగంగానే సార్. అయితే ఆరేలోపే చూడాలమ్మా, అంత దూరం నుంచి వచ్చిన వెలుగు ఎర్రగా మారి ఉంటుంది, ఎర్రవైపు చూడమను, ఎర్ర ఫిల్టరు పెట్టమను, ఇప్పుడే చెప్పు వాళ్ళకి. చెబుతాను సార్. అది సరైన మాటే. ఆమెకు తట్టని మాట. తట్టినందుకు ఆయన ముఖం మీద రంగు పూతలోంచి సంతోషం పొంగుకొచ్చింది, దానికి జవాబుగా ఆమె లోపల కూడా పొంగింది, ఆపుకునేలోపే. సాయంత్రం నుంచి పడిన రోతంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ఈయనకి చెప్పడం తనకి ఇష్టంగా ఉంది. ఇంకా ఇష్టంగానే ఉంది. నోట్లో ఉమ్మి చేదుగా ఊరింది.

“ఎక్కు, దారిలో లెక్క చూద్దాం,” అని ఆయన కారు తలుపు తీశారు, ఏమీ జరగనట్టు. నిజంగానే ఏమీ జరగలేదని అనుకుంటున్నారేమో కూడా.

“మీరు వెళ్ళండి సార్. నేను బస్సులో వెళ్తాను,” అంది.

బస్సు కిక్కిరిసి ఉంది. ఆఫీసు దాకా నిలబడే వెళ్ళాలనుకుంది గాని రెండో స్టాపులో చోటు దొరికింది. కూర్చుని, ఎర్రవైపు చూడండి అని కొండ మీది వాళ్ళకి రాయడం మొదలుపెట్టింది. పక్క సీట్లో ఆవిడ, ఒళ్ళో చిన్న పాపతో, ఒకసారి ఆమె ముఖం వైపు చూసింది, చెమటకి చారలు కట్టిన పూత, గడ్డం కింద ఆగిపోయిన రంగు, సగం చెదిరిన కాటుక. చూసి, పాపని అవతలి తొడ మీదికి మార్చుకుని, కాస్త కిటికీ వైపు జరిగి కూర్చుంది.